శుక్రవారం కబుర్లు

జూలై 12, 2004. సోమవారం

టీచరు పోస్టుల నోటిఫికేషన్ ఈ ఏడాది కూడా లేదట. నాన్నగారు పేపరు మడిచి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా స్కూలుకి వెళ్లిపోయారు. ఆయన ఏమైనా అని ఉంటే బాగుండేది. ఇరవై ఆరేళ్ల కూతుర్ని తిట్టకపోవడం కూడా ఒక రకం తిట్టే.

మధ్యాహ్నం అమలాపురం వెళ్లి విజయ్ కుమార్ గారిని కలిశాను. ఆయన సంస్థ పల్లెల్లో సర్వే చేయిస్తోంది. కంప్యూటర్, ఇంటర్నెట్ ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు, ఎవరు వాడటం లేదు. ఏ ఊరికి ఆ ఊరివాళ్లే వాలంటీర్లు. జీతం లేదు. రెండో విడత వస్తే మాత్రం ఆఫీసులో కోఆర్డినేటర్ ఉద్యోగం ఉంటుందట.

"అది మీరే కావచ్చు బిందుగారూ" అన్నారు.

"కావచ్చు" అన్న మాట పట్టుకుని నేను ఎన్నాళ్లయినా బతికేయగలను. మా ఊరు నాకిచ్చారు.

జూలై 14

పొద్దుటి నుంచి కాలవగట్టు వీధి తిరిగాను. కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు కొబ్బరిబొండం తాగనిదే ఎవరూ నోరు విప్పరు. వద్దంటే బాధపడతారు. మా ఊరివాళ్లకు ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం చేతకాదు. "లేదు" అని చెప్పడం అసలే చేతకాదు.

"కంప్యూటరుందా అంటే ఉందండి. మా అల్లుడిగారికి ఉంది, కాకినాడలో. మాకున్నట్టే కదండీ, రాసేసుకోండి" అన్నారొకాయన.

రొయ్యల చెరువులాయన రేటు చూసుకోవడానికి వాడతాడట. ఇంటర్ పిల్లలు రిజల్ట్సుకి. మిగతా అందరూ గల్ఫులో ఉన్న ఆడవాళ్ల కోసం. చెల్లి, కూతురు, పెళ్లాం, ఒక ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ. ఎవరిని అడిగినా చివరికి ఒకే చోటు చెప్తున్నారు, రాజోలు రోడ్డు మీద కొండబాబు నెట్ సెంటర్.

జూలై 16, శుక్రవారం

కొండబాబు కొట్టుకి వెళ్లాను. రెండు కంప్యూటర్లు, ఒక ఎస్టీడీ బూత్, గోడ మీద మస్కట్, కువైట్, దుబాయ్ టైములు చెప్పే మూడు గడియారాలు. కొండబాబుకి ముప్పై ఐదేళ్లుంటాయి. మాట మెత్తన. టైపింగ్ మాత్రం ఒంటి వేలితో, కోడి గింజలు ఏరుకున్నట్టు.

ఒక కంప్యూటర్ ముందు ఒకావిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, పెద్దమనుషుల ముందు కూర్చున్నట్టు కూర్చుని ఉంది. వెంకటరమణమ్మగారు. భర్త లేడు. కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. ఒక్కతే కూతురు సత్యవేణి, మస్కట్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. ఒప్పుకున్న రెండేళ్లు వేసవిలోనే అయిపోయాయి. యజమాని పంపడం లేదు. పాస్‌పోర్టు అతని దగ్గరే. ఫోనుకి తాళం. గుమ్మం దాటనివ్వరు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఇంటిల్లిపాదీ పెద్దన్నగారింటికి భోజనానికి వెళ్తారు, మంచం మీదున్న ముసలావిడ ఒక్కతే ఉంటుంది. అప్పుడు సత్యవేణి ఆ ఇంటి కుర్రాడి కంప్యూటర్ తెరుస్తుంది. వాడు నొక్కుతుంటే చూసి నేర్చుకుందట. ఆమెకు తెలిసింది ఒక్క పేరు నొక్కడమే, కొండబాబు కొట్టు పేరు. మాట్లాడితే ముసలావిడకి వినిపిస్తుందని, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడుతుంది.

"మేడమ్, కొంచెం మీరు కొట్టండి. నేను ఒక అక్షరం వెతికేలోపు ఆళ్లొచ్చేస్తారు" అన్నాడు కొండబాబు.

"ముందు తిన్నాదేమో అడుగమ్మా" అంది వెంకటరమణమ్మగారు.

కొట్టాను. తెర మీద జవాబు వచ్చింది. తిన్నా. నువ్వు తిన్నావా. మోకాలెలా ఉంది.

నేను చదివి వినిపించాను. ఆవిడ నా నోటి వంక చూసింది, తెర వంక కాదు. "మోకాలికేం, గుండ్రాయిలాగుంది అని చెప్పు" అంది. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచింది.

సర్వేలో "ఇంటర్నెట్ వాడతారా" అనే ప్రశ్నకి ఆవిడ జవాబు "అయ్యో, నాకేం తెలుసమ్మా, నేను చదూకోలేదు." వాడతారు అని రాసుకున్నాను.

జూలై 23, శుక్రవారం

ఇవాళ కూడా నేనే కొట్టాను. కొత్తపేట మనిషి గోవిందరాజులు మస్కట్‌లో కారు డ్రైవరట. ఏదో ఒక శుక్రవారం సత్యవేణి ఇంటి సందు చివర కారు ఆపి, ఎక్కించుకుని, మన ఎంబసీలో దింపేస్తానన్నాడట. ఏ శుక్రవారమో కొత్తపేటలో ఉన్న ఆయన భార్య ఇక్కడికి ఫోన్లో చెప్తుంది. మేము సత్యవేణికి చెప్పాలి. అంటే నేను.

నా చదువు ఒకరికి ఇలా ఉపయోగపడటం ఇదే మొదలు. ఇంటికి వస్తూ పాటలు పాడుకున్నాను. డైరీ కనుక రాస్తున్నాను.

జూలై 30

కొండబాబు ఘనుడు. నెట్ మీద వచ్చిన గల్ఫ్ కాల్‌ని ఒక పెట్టె ద్వారా మామూలు ఫోను లైనులోకి కలిపేస్తున్నాడు. నడవలేని ముసలివాళ్లు ఇంట్లో కూర్చునే పిల్లలతో మాట్లాడుకుంటున్నారు. ఎవరూ నేర్పలేదు, పాత సామాను విప్పి తనే చేసుకున్నాడు. ఎవరైనా మెచ్చుకుంటే చెవులు ఎర్రబడతాయి.

విజయ్ కుమార్ గారికి చెప్పాను. "ఇదండీ బిందుగారూ మన రిపోర్టుకి ప్రాణం!" అన్నారు.

ఆగస్టు 6, శుక్రవారం

కబురు వచ్చింది. ఇరవై ఏడో తేదీ శుక్రవారం. సత్యవేణికి చెప్పేశాం. సరే అమ్మ, అని కొట్టింది. అంతే.

వెంకటరమణమ్మగారు కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కొండబాబు భార్య వీరలక్ష్మి టీ తెచ్చి పక్కన కూర్చుంది. నాకూ ఏడుపొచ్చింది కానీ రిపోర్టు పట్టుకుని నిలబడ్డాను.

ఆగస్టు 9

సర్వే ఫలితాలు ఊరి ముందు చదవాలి, అది సంస్థ పద్ధతి. ముఖ్య అతిథి ఉండాలి, అది మన పద్ధతి. ఎవరిని పిలుద్దాం అన్నారు విజయ్ కుమార్ గారు. నేను వెంటనే టెలిఫోన్ల ఆఫీసు పెద్దాయన పేరు చెప్పాను. నాన్నగారి పాత విద్యార్థికి బావగారు, పిలిస్తే కాదనరు. అలాంటివాళ్లు వస్తే రెండో విడత ఖాయం.

"మీ బుర్రే బుర్ర" అన్నారాయన. రెండు రోజులుగా అదే మాట చెవిలో తిరుగుతోంది.

ఆగస్టు 14, శనివారం

ఇంత బాగా జరుగుతుందని అనుకోలేదు! పంచాయతీ ఆఫీసు పట్టలేదు. శాలువా, దండ, గెలతో సహా బొండాలు. ఆ పెద్దాయన మంచివాడు. నెమ్మదిగా మాట్లాడతారు. నేను రిపోర్టు చదువుతుంటే తల ఊపుతూ విన్నారు.

"మీ ఊళ్లో ఇంటర్నెట్ ఎలా ఉపయోగపడుతోందమ్మా?" అని అడిగారు ఆడవాళ్లని.

ఇక చూడాలి. అతిథి ముచ్చటపడి అడిగితే మావాళ్లు దాచుకుంటారా! "మా ఇంటి ఫోనులోకే కువైట్ వచ్చేత్తాదండి" అని ఒకరు, "ఐఎస్డీ మానేసేమండి, అంతా కొండబాబుగారి దయే" అని ఒకరు. కొండబాబు చేసి చూపించాలని అందరూ పట్టుబట్టారు. అతను సిగ్గుపడుతూ కొట్టుకి పరిగెత్తాడు. కాసేపటికి ఆ పెద్దాయన ముందున్న పంచాయతీ ఫోనే మోగింది! కువైట్ నుంచి కొండబాబు బావమరిది. రిసీవర్ ఆయన చేతికే ఇచ్చారు. "బాగున్నారా?" అని పలకరించారాయన. అందరూ చప్పట్లు. అందరికంటే గట్టిగా నేను.

వెళ్తూ కొండబాబు ఇంటిపేరు, లైను నంబరు అడిగి రాసుకున్నారు. అవార్డేమైనా ఇప్పిస్తారేమోనని ఊరంతా అనుకుంటోంది.

ఆగస్టు 18

కొత్తపేట నుంచి ఫోను. ఇరవై ఏడున గోవిందరాజులు రాలేడు. యజమాని సలాలా తీసుకుపోతున్నాడట, వారం ఊళ్లో ఉండడు. వచ్చే నెల మూడో తేదీ శుక్రవారం వస్తాడట.

వెంకటరమణమ్మగారు కంగారుపడుతూ వచ్చింది. "ఎల్లుండి శుక్రవారమే కదా పిన్నిగారూ, చెప్పేద్దాం. ఇరవై ఏడున బయటికి రావద్దని చెప్తే సరి" అన్నాను.

ఆగస్టు 19

పోలీసు జీపు వచ్చింది. కంప్యూటర్లు, పెట్టె, ఫోన్లు, వైర్లు అన్నీ ఎక్కించారు. కొండబాబుని కూడా. నెట్ కాల్ని ఊరి ఫోన్లలోకి కలపడం నేరమట. ఎవరికి తెలుసు. నాకేం తెలుసు. ఆ టెలిఫోన్ల పెద్దాయన ఏమైనా చెప్పాలి కదా ఆ రోజే. బొండం తాగారు కదా.

కొండబాబు జీపు ఎక్కుతూ, "కొట్టు తాళం వెయ్యి వీరలక్ష్మీ, వానొచ్చేలాగుంది" అన్నాడు. వీరలక్ష్మి నన్ను చూసింది.

ఆగస్టు 20, శుక్రవారం

వెంకటరమణమ్మగారు పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంది. అమలాపురంలో నెట్ సెంటర్లకు కొదవలేదు. కానీ సత్యవేణికి వెళ్లాలంటే కొండబాబు పేరుతోనే లోపలికి వెళ్లాలి. ఆ పాస్‌వర్డ్ అతనొక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ నేను తెరిచి ఉన్న కంప్యూటర్ ముందు కూర్చోవడమే కానీ అడగలేదు.

"టేషన్లోనే ఉన్నాడంట బిందమ్మా. ఎల్లి ఒక్క మాట అడిగి రారాదూ" అంది.

రేపు వెళ్తానన్నాను. తలనొప్పిగా ఉంది.

ఆగస్టు 21

అమలాపురం వెళ్లాను. స్టేషన్ గేటు దగ్గర వీరలక్ష్మి క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు వెళ్లి పాస్‌వర్డ్ అడిగితే బాగుండదనిపించింది. మనిషి అలాంటి పరిస్థితిలో ఉంటే మన అవసరం చెప్పుకోవడం మర్యాద కాదు. విజయ్ కుమార్ గారిని కలిసి వచ్చేశాను. ఆయన ఈ విషయంలో సంస్థ పేరు ఎక్కడా రాకూడదన్నారు.

వెంకటరమణమ్మగారికి లోపలికి పంపలేదని చెప్పాను. ఇంచుమించు నిజమే.

ఆగస్టు 22

చర్చికి వెళ్లాను. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. రేపు తప్పకుండా స్టేషనుకి వెళ్తాను.

ఆగస్టు 23

పొద్దున్నే రాజమండ్రి జైలుకి పంపేశారు.

ఆగస్టు 25

జైల్లో ఇంటివాళ్లనే కలవనిస్తారట. వీరలక్ష్మిని అడగమని వెంకటరమణమ్మగారిని పంపాను. తలుపు వేసుంది, పుట్టింటికి వెళ్లిందట. ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. చెప్పరు. వారం క్రితం నాకు బొండాలు కొట్టి ఇచ్చినవాళ్లే, ఇప్పుడు నన్ను చూస్తే గేటు మూసేసుకుంటున్నారు.

సత్యవేణి తెలివైనది. మన దగ్గర్నుంచి జవాబు లేకపోతే ఏదో తేడా ఉందని గ్రహిస్తుంది. ఇంట్లోనే ఉండిపోతుంది. ఎవరైనా అలాగే చేస్తారు.

ఆగస్టు 26

అలాగే చేస్తుంది.

ఆగస్టు 27

ఇవాళ శుక్రవారం.

ఆగస్టు 31

కొండబాబుకి బెయిలు వచ్చింది.

సెప్టెంబరు 1

నేను వెళ్లేలోపు అతనే మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది. నాన్నగారు కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు.

"ముందే అడగాల్సిందండి మేడమ్. నాలుగ్రోజులు టేషన్లోనే ఉంచేరు కదండీ. కిటికీలోంచి అడిగినా చెప్పేసేవోణ్ణి. మీరొస్తారనే చూసేను" అన్నాడు.

అతను కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి అనగలిగేదాన్ని. వెళ్లాక నాన్నగారు నా వంక చూసి, అన్నం తినమన్నారు. తినలేదు. నేను చాలా చెడ్డదాన్ని. ఇక్కడ తప్ప ఎక్కడా ఈ మాట అనలేను.

సెప్టెంబరు 3, శుక్రవారం

అమలాపురంలో నెట్ సెంటర్. వెంకటరమణమ్మగారు పక్కన కుర్చీలో, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని. కొండబాబు పేరుతో తెరిచాను. లోపల సత్యవేణి రాసినవి వరసగా ఉన్నాయి.

ఇరవయ్యో తేదీవి: అమ్మ ఉన్నావా. అమ్మ. కొండబాబు అన్న. అమ్మ.

ఇరవై ఏడో తేదీవి: అమ్మ ఉన్నావా. ఈ రోజే కదా. ఎవరూ పలకరేంటి. అమ్మ భయంగా ఉంది. సరే వెళ్తున్నా. కారు వస్తుంది కదా.

ఆ తర్వాత ఏమీ లేవు. ఇవాళ్టివి కూడా లేవు. చాలాసేపు కూర్చున్నాం. ఆమె రాలేదు.

"ఏం రాసిందమ్మా?" అంది. నా నోటి వంకే చూస్తోంది.

"బాగానే ఉందట పిన్నిగారూ. మన దగ్గర్నుంచి కబురు లేదని ఆ రోజు బయటికి రాలేదట" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ జోడించి ఆ తెరకి దండం పెట్టింది.

ఒక్క వారం. ఈ లోపు నిజంగానే ఏదో కబురు వస్తుంది. అప్పుడు సరిచేస్తాను.

సెప్టెంబరు 6

గోవిందరాజులు మూడో తేదీన సందు చివర కారు ఆపి చూశాడట, సత్యవేణి రాలేదట. ఆయన భార్య ఫోన్ చేసింది. ఇప్పుడు వద్దనుకుందని, ఇంకొన్నాళ్లు ఆగుతానందని చెప్పాను. వెంకటరమణమ్మగారు నమ్మింది. గోవిందరాజులు భార్యా నమ్మింది. నమ్మించడం ఇంత తేలికని తెలియదు.

సెప్టెంబరు 10, శుక్రవారం

ఇవాళ సత్యవేణి ఎక్కువే రాసింది. యజమాని భార్యకి నెల తప్పిందట, అందుకే ఈమెను వదలడం లేదట. కాన్పు అవగానే పంపిస్తానని ఒప్పుకున్నాడట. ఇప్పుడు కొట్టడం లేదట.

"ముందు కొట్టేవోడా?" అంది వెంకటరమణమ్మగారు.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలియదు. కసురుకునేవాడట అంతే, అన్నాను.

ఆవిడ చెప్పినవి మాత్రం ఒక్క ముక్క వదలకుండా కొడుతున్నాను. మోకాలు బాగుంది. దూడ పుట్టింది. వానలు బాగా పడుతున్నాయి. అవి నిజంగానే వెళ్తున్నాయి, ఎవరూ తీసుకోని చోటికి.

సెప్టెంబరు 17, శుక్రవారం

సత్యవేణి తొందరగా ముగించింది. ముసలావిడ లేచిందట.

వెంకటరమణమ్మగారి ముఖం తేటపడింది. కొబ్బరి లవుజు చేసి తెచ్చింది. బస్సులో నా పక్కన కూర్చుని, కూతురి చిన్నప్పటి సంగతులు చెప్పింది. గోదావరి వరదలో మంచం మీద మంచం వేసి కూర్చోబెడితే, సత్యవేణి కాళ్లు కిందికి వేలాడదీసి చేపలొచ్చాయని అరిచిందట. ఇద్దరం నవ్వాం. చాలా రోజులకి నవ్వాను.

సెప్టెంబరు 24, శుక్రవారం

సత్యవేణి నా గురించి అడిగింది. బిందుకి ఉద్యోగం వచ్చిందా అని.

"అది అంతేనమ్మా, అందరి మంచీ అడుగుద్ది" అని వెంకటరమణమ్మగారు మురిసిపోయింది.

సెప్టెంబరు 28

పై పేజీలు చదివాను. ఎవరైనా చూస్తే సత్యవేణి నిజంగానే రాసిందనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటున్నాను ఒక్కోసారి. శుక్రవారం వస్తోందంటే ఆమె ఏం రాస్తుందో అని ముందే ఆలోచన మొదలవుతుంది. నాకు పిచ్చి పడుతోందా?

అక్టోబరు 1, శుక్రవారం

ఇవాళ చెప్పేద్దామనే వెళ్లాను. బస్సు దిగగానే చెప్దాం అనుకున్నాను. సెంటర్లో కూర్చున్నాక చెప్దాం అనుకున్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఊఁ, ఏమంటంది?" అంది.

దసరాకి వాళ్లింట్లో అందరికీ కొత్త బట్టలట, ఈమెకీ ఒక చీర ఇచ్చారట అని చెప్పాను. మస్కట్‌లో దసరా ఏమిటి! ఆవిడకి అనుమానమే రాలేదు. "ఏం రంగంట?" అంది.

నీలం అన్నాను.

అక్టోబరు 5, మంగళవారం

పక్క ఊరి అప్పలమ్మ మస్కట్ నుంచి వచ్చింది. వీసా అయిపోయి పట్టుబడితే పోలీసులే విమానం ఎక్కించేశారట. ఊరు చేరిన మర్నాడే వెంకటరమణమ్మగారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను.

"మీ అమ్మాయి సత్యవేణి నేనున్న జైలుగదిలోనే ఉందండి" అంది అప్పలమ్మ. "కారొస్తాదని రోడ్డు మీద నిలబడిందంటండి. సాయంత్రం దాకా అక్కడే నిలబడిందంట. ఎనక్కెల్తే సంపేస్తారని ఎల్లలేదంట. పోలీసోళ్లు తీసుకుపోయేరు. యజమాని దొంగతనం చేసి పారిపోయిందని కేసెట్టేడండి. ఇక్కణ్ణించి ఇంటోళ్ల అర్జీ ఎంబసీకి ఎల్తేనే ఆళ్లు పట్టించుకుంటారు. లేపోతే అక్కడే ఉండిపోద్దండి. చిక్కిపోయిందండి, ఎవరితోటీ మాట్లాడదు."

వెంకటరమణమ్మగారు నవ్వింది.

"అది మా సత్యవేణి కాదులే అప్పలమ్మగారూ. ఆ పేరు మన గోదారోళ్లలో ఇంటికొకరికుంటాది. మాది ఇంట్లోనే ఉంది, మొన్న శుక్రవారం కూడా రాసింది. నీలం చీరిచ్చేరంట. ఏం బిందమ్మా?"

ఇద్దరూ నా వంక చూశారు. నేను కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తల ఊపాను.

అక్టోబరు 6

చెప్పలేదు.

అక్టోబరు 7

వాళ్ల గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను. ఆవిడ దూడకి గడ్డి వేస్తోంది. రేపు.

అక్టోబరు 8, శుక్రవారం

బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పాను. "పిన్నిగారూ, పోయిన శుక్రవారం సత్యవేణి ఏమీ రాయలేదండి. మీరు బెంగపడతారని నేనే చెప్పేను. అప్పలమ్మగారు చూసింది మన సత్యవేణినే అయ్యుండొచ్చు. అర్జీ పెట్టాలండి."

ఆవిడ బస్సు స్టాపు అరుగు మీద కూర్చుండిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

"పోన్లే బిందమ్మా. నామీద జాలి పడి చెప్పేవు. ఒక్కటే కదా. అంతకుముందోటి ఉంది, నీ ఉద్యోగం సంగతి అడిగిందే, అప్పటిదాకా బాగానే ఉంది కదా పిల్ల. ఈ పది రోజుల్లోనే ఏదో అయ్యుంటాది. అర్జీ ఎడదాం. నువ్వే రాద్దువుగాని."

మిగతావి చెప్పడానికి నోరు తెరిచాను. బస్సు వచ్చింది. బస్సు రాకపోయినా చెప్పేదాన్ని కాదు, ఇక్కడైనా నిజం రాస్తాను. నా చెయ్యి ఆవిడ చేతిలో ఉంది. వదులుకోలేకపోయాను.

అర్జీ వెళ్తే చాలు కదా. మిగతావి ఆవిడకి ఎందుకు.

అక్టోబరు 11, సోమవారం

అమలాపురం ఆర్డీవో ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని అర్జీ రాయడం మొదలుపెట్టాను. మహారాజశ్రీ గౌరవనీయులైన వారికి. వెంకటరమణమ్మగారు చెప్తోంది, నేను రాస్తున్నాను. పేరు, తండ్రి పేరు, ఏ నెలలో వెళ్లిందో, ఎవరు పంపారో.

"ఇప్పుడిది రాయమ్మా. మా అమ్మాయి సెప్టెంబరు ఇరవై నాలుగో తేదీ దాకా యజమాని ఇంట్లోనే ఉండి, నాకు కబుర్లు పంపిందండి. ఆ తరవాతే కనపడలేదండి."

కలం ఆగిపోయింది. సత్యవేణి కారు కోసం రోడ్డు మీద నిలబడిందీ, పోలీసులు తీసుకుపోయిందీ ఆగస్టు ఇరవై ఏడున. సెప్టెంబరు ఇరవై నాలుగున ఇంట్లో ఉందని తల్లే రాసిస్తే, జైల్లో ఉన్న మనిషి ఈమె కూతురు కాదనే అంటారు ఎంబసీ వాళ్లు. యజమాని కూడా అదే చాలంటాడు. ఆ ఒక్క వాక్యంతో సత్యవేణి అక్కడే ఉండిపోతుంది.

"రాయమ్మా" అంది.

"సెప్టెంబరు కాదండి పిన్నిగారూ" అన్నాను. "ఆగస్టు ఇరవై ఏడు. ఆఖరి కబురు అదేనండి. కారు వస్తుంది కదా, వెళ్తున్నా అని రాసింది."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. వేళ్లు మడుస్తూ లోపల్లోపల ఏదో లెక్క చూసుకుంది. కాన్పు, ముసలావిడ, నా ఉద్యోగం. నేను తల ఎత్తలేదు.

"అయ్యన్నీ మీరేనా అండీ?" అంది.

మూడు నెలల నుంచి నన్ను నువ్వు అని పిలిచిన మనిషి.

"ఆయ్" అన్నాను.

ఆవిడ నా ఒళ్లో ఉన్న కాగితం మెల్లగా తీసుకుని నాలుగు మడతలు పెట్టి బెంచీ మీద ఉంచింది. బల్ల లేకపోవడంతో మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. గేటు దగ్గర స్టూలు వేసుకుని అర్జీలు రాసే ముసలాయన దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

"కొంచెం అర్జీ రాసిపెడతారా బాబూ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని నన్ను చూశాడు. "ఇందాక ఆ అమ్మాయిగారు రాస్తన్నారు కదండీ?"

"ఆవిడ బాగా రాస్తారండి" అంది వెంకటరమణమ్మగారు. "నాకు ఉన్నదున్నట్టు కావాలండి."